ఓపికుంటే వెతకండి

కోల్డు స్టోరేజీలో మిర్చి తొడిమలు తీసే షెడ్డులో అడుగు పెట్టకముందే మహిమకు దగ్గు తెర వచ్చింది. లోపల వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకరిద్దరు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. మేస్త్రీ ఎదురొచ్చి, సిద్దిక అవతలి గోడ దగ్గర ఉందనీ, ఇప్పుడు ఒకరిని లేపితే అందరూ లేస్తారనీ, టీ ఇచ్చే దాకా ఆగమనీ చెప్పి, తలుపు పక్కనున్న మిర్చి టిక్కీ మీద గోనెపట్టా పరిచి వెళ్ళాడు. ఆ బస్తా మీద కూర్చుంటే లోపల ఎండుకాయలు గలగలమని సర్దుకున్నాయి. ఒళ్ళో చేతిసంచి. సంచిలో తువ్వాలులో చుట్టిన రాయి, పిడికిలి కంటే కాస్త పెద్దది, ఒక వైపు తనే కోయించినది. యడ్లపాడు దాటాక బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినంతసేపూ ఆ సంచిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటూనే ఉంది. బరువుకి కాదు. రాయి నడుముకు తగిలినప్పుడల్లా ఎవరో పక్కన నడుస్తూ తట్టి పిలుస్తున్నట్టు ఉంది. ఇవాళ చెప్పాలి. రాయి చేతిలో పెట్టి, ఇది ఫలానా రకం అని చెప్పి, టీ తాగి, తిరుగు బస్సెక్కడం కాదు. చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? మీ ఆయన నాకు తెలుసు అనా? ముఖం కూడా చూడని మనిషిని తెలుసు అనొచ్చా?

ఎడమ చేతి వాటం చూసి సిద్దికను గుర్తుపట్టింది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్న అంతమంది ఆడవాళ్ళలో, కుడిచేత్తో కాయ పట్టుకుని ఎడమచేత్తో తొడిమ విరిచేది ఆమె ఒక్కతే. తను భూగర్భశాస్త్రం చెప్పే కాలేజీలో మొదటిసారి చూసినప్పుడూ ఆ చెయ్యే కనబడింది. దసరా సెలవులయ్యాక, పక్కింటి పిల్ల డిగ్రీ అక్కడే చదువుతోందని ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. స్టాఫ్ రూము గుమ్మంలో చెప్పులు విడిచి, రమ్మన్నా లోపలికి రాక, నిలబడే ఒక గళ్ళ లుంగీ మూట విప్పింది. విప్పింది ఎడమచేత్తో. మా ఆయన ఎడారిలో నీళ్ళ టాంకరు తోలేవాడు మేడం, ఈ రాయి ఆకాశంలోంచి పడిందనేవాడు, ఇంట్లో ఎవరం నమ్మలా, మీరు చూసి నిజమో కాదో చెబుతారని వచ్చా అంది. తోలేవాడు, అనేవాడు. ఆ రెండు మాటలు చెవిన పడ్డాక మహిమ రాయి వంక చూసింది. మామిడి టెంక ఆకారం, నల్లటి పెంకు, ఒక మూల చిట్లి లోపలి బూడిదరంగు కనబడుతోంది. ఆ మూలను ఆమె అంతకుముందు జూన్ నెలలో ఫోనులో రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని ఎన్నిసార్లు చూసిందో. అప్పుడు దాని పక్కన ఒక మగమనిషి చెప్పు ఉండేది. కొలత తెలిసేలా పక్కన ఏదైనా పెట్టి తీయండి అని తను అడిగితే, అతను తన చెప్పు విప్పి పెట్టి తీశాడు. ఇసుక కాలుతుంటే ఒంటికాలి మీద నిలబడి తీసుంటాడని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటుంది. చెప్పు విప్పాలంటే కాలు ఎక్కడో అక్కడ పెట్టాలి కదా.

బయట హైవే మీద పత్తి బేళ్ళ లారీ ఒకటి పోతూ గాలిని లోపలికి నెట్టింది. కుప్పల మీంచి సన్నటి ఎర్ర దుమ్ము లేచింది. అతని పేరు అన్వర్. పెదకాకానిలో పరుపులు కుట్టే వాళ్ళబ్బాయినని చెప్పుకున్నాడు మొదటి ఫోనులోనే. ఊరు చెప్పుకుంటే మనవాళ్ళలా మాట్లాడుతుందని కాబోలు. ఒక యూట్యూబ్ చానెల్ వాళ్ళు మహిమను కూర్చోబెట్టి ఉల్కల గురించి తెలుగులో చెప్పించారు. ఆ వీడియోను ఒమాన్‌లో తన క్యాంపు గదిలో పడుకుని చూశాడట, చానెల్ వాళ్ళని అడిగి నంబరు తీసుకున్నాడట. వీడియోలో మీరు చెప్పినట్టే ఉంది మేడం అన్నాడు. అంతా తెల్లటి గులకనేల, కనుచూపు మేర ఒక మొక్క లేదు, దాని మీద ఇది ఒక్కటే నల్లగా, మా నాన్న ఏకిన దూదిలో బొగ్గు పడ్డట్టు. ఆ పోలికకు ఆమె మురిసిపోయింది. మర్నాడు క్లాసులో పిల్లలకు చెప్పింది కూడా, మనవాడొకాయన ఎంత బాగా చెప్పాడో చూడండి అని. ఉల్కలు ఎడారుల్లో ఎందుకు ఎక్కువ దొరుకుతాయో చెప్పడానికి అంతకంటే తేలిక మాట ఇంకొకటి లేదు. మన మిరప చేలల్లో, పత్తి చేలల్లో పడ్డ రాయి నల్లరేగడిలో కలిసిపోతుంది, వానకు నాని పొడైపోతుంది. అక్కడ వేల ఏళ్ళు అలాగే ఉండిపోతుంది, ఎవరో ఒకరు అటు వచ్చే దాకా.

ఫోటోలు వచ్చిన రోజు ఆమెకు అన్నం సహించలేదు, సంతోషంతో. చిట్లిన మూల లేత బూడిదరంగులో ఉంది, ఇనుము రవ్వలు కనబడటం లేదు, తెల్లటి మచ్చలేవో ఉన్నట్టున్నాయి. చంద్రుడి మీంచి ఊడిపడిన రాయి అలా ఉంటుంది. ఆ ఎడారుల్లో చంద్రుడి రాళ్ళు దొరికిన సంగతి ఆమె చదివింది. తన చేతికి ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్ళుగా తెనాలి నుంచి, అద్దంకి నుంచి, మార్కాపురం నుంచి జనం ఉల్కలని తెచ్చినవన్నీ ఇటుకబట్టీ చిట్టెం ముక్కలు, కొలిమి పెళ్ళలు. నవ్వుమొహం పెట్టి, కాదండీ అని చెప్పి పంపడమే తన పని. ఇన్నాళ్ళకు ఒకటి. పిల్లలకు మొదటి రోజే నేర్పే పరీక్ష ఒకటుంది. అయస్కాంతం దగ్గర పెట్టు. గట్టిగా అంటుకుంటే లోపల ఇనుముంది, అప్పుడది చంద్రుడిది కాదు, అన్నిచోట్లా దొరికే మామూలు రకం. అన్వర్‌ను ఆ ఒక్కటీ అడగలేదు. మరిచిపోయి కాదు. నోటి చివరి దాకా వచ్చింది. టాంకరు తోలేవాడి దగ్గర పాత స్పీకరైనా ఉంటుంది, అందులో అయస్కాంతం ఉంటుంది, అడిగితే ఆ క్షణంలోనే చూసి చెప్పేవాడు. అంటుకుంది మేడం అంటాడేమోనని అడగలేదు. ఆ సంతోషాన్ని ఇంకొన్నాళ్ళు ఉంచుకుందామనిపించింది. అడిగుంటే, మామూలుదేనండీ, గుర్తుగా దాచుకోండి అని ఉండేది. అతను దాచుకుని ఉండేవాడు. శుక్రవారం సెలవు, బట్టలుతుక్కుని, వండుకుని, పడుకుని ఉండేవాడు.

గురువారం సాయంత్రం ఫోను చేశాడు. స్టాఫ్ రూములో ఏసీ కింద కూర్చుని మాట్లాడింది. ఉల్కలు పైన గాలిలో పగిలి పడతాయండీ, ఒక్కటే ఉండదు, చుట్టుపక్కల ఇంకా ముక్కలుంటాయి, ఎంత దూరమైనా సరే, ఓపికుంటే వెతకండి. ఆ వాక్యం ఇప్పుడు నిద్రలేవగానే వినబడుతుంది, పళ్ళు తోముకుంటుంటే వినబడుతుంది, బోర్డు మీద రాస్తూ పిల్లల వైపు వీపు తిప్పినప్పుడు వినబడుతుంది. ఎంత దూరమైనా సరే. ఓపికుంటే. అక్కడ ఎండ ఎలా ఉందండీ అని అడగలేదు. ఒంటరిగా వెళ్ళకండి అనలేదు. గుంటూరులో జూన్ ఎండకే గొడుగు లేకుండా గేటు దాటని మనిషి. మర్నాడు సాయంత్రం ఫోను చేసి చెబుతానన్న వాడు చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు. ఆమె చేస్తే కలవలేదు. అప్పుడు తను ఏమనుకుంది? కొనేవాడు ఇంకెవడో తగిలి ఉంటాడు, రాయి వాడికి ఇచ్చేసి తన నంబరు తీసేసి ఉంటాడనుకుంది. ఇలాంటి వాళ్ళతో ఇదే గొడవ అని పక్క సీటు మేడంతో అంది కూడా. ఆ మాట అనే వేళకు అతను ఆ నేలలోనే ఉన్నాడు.

సిద్దిక ఒక కుప్ప ముగించి, లేచి నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగి, మళ్ళీ కూర్చుంది. ఇటు చూడలేదు. చూసినా గుర్తుపట్టదేమో, మహిమ కూడా పమిట ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది. కాలేజీలో ఆ రోజు ఆమె అంతా చెప్పింది, అడగకుండానే, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన గొంతుతో. శుక్రవారం క్యాంపు చిన్న బండి తీసుకుని పొద్దున్నే వెళ్ళాడట. గులకనేల మీద బాగానే పోయింది, ఆ తర్వాత మెత్తటి ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. ఫోను పలకని చోటు. నీళ్ళు అయిపోయాక నడిచాడు, నడవాల్సిన వైపు కాకుండా ఇంకో వైపు. మర్నాడు వెతుకుతూ వెళ్ళిన వాళ్ళకు కనబడ్డాడు. చీరాల వైపు నుంచి వెళ్ళిన మాలిక్ అనే తోటి డ్రైవరు దగ్గరుండి అక్కడే ఖననం చేయించాడు. ఆ మట్టి వెయ్యడం సిద్దికా, అత్తగారూ మాలిక్ ఫోనులోంచే చూశారు. మాలిక్ సెలవు మీద వచ్చినప్పుడు అతని సామాను తెచ్చాడు. బండి సీటు మీద ఇంకా ఏవేవో నల్ల రాళ్ళు ఏరి పెట్టుకుని ఉన్నాడంట మేడం, అవన్నీ ఉత్త రాళ్ళని మాలిక్ అక్కడే పారేశాడంట, ఇది గదిలో పెట్టెలో ఉంటే తెచ్చాడు అని చెప్పి, సిద్దిక రాయిని బల్ల మీద పెట్టింది. బల్ల మీద పిల్లల కోసం ఉంచిన అయస్కాంతం ఉంది. మహిమ చేతులు ఏం చేయాలో తెలియక దాన్ని తీసి రాయి దగ్గరకు తెచ్చింది. టక్కున అంటుకుంది. పక్కింటి పిల్ల ఆశ్చర్యపోయి నవ్వింది. సిద్దిక, అంటే నిజమేనా మేడం అంది. వెతికిన ముక్కలు, నడిచిన నేల, ఫోనులో చూసిన మట్టి, అన్నీ ఆ టక్కు అన్న శబ్దంలో వినబడ్డాయి మహిమకు. నిజమేననుకుంటానమ్మా, రాయి ఇక్కడ ఉంచి వెళ్ళండి, పూర్తిగా పరీక్ష చేసి చెబుతాను అంది. ఇంకేమీ అనలేదు. అప్పుడైనా అనొచ్చు. గుమ్మం దాటి మెట్లు దిగేదాకా ఆమె చెప్పుల చప్పుడు వింటూ కూర్చుంది, పిలవొచ్చు, ఇంకా పిలవొచ్చు, ఇప్పుడైనా పిలవొచ్చు అనుకుంటూ.

పరీక్ష చేసింది. అంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఉండదు. ముందు ఒక మూల వజ్రపు రంపంతో పల్చగా కోయించింది. కోస్తుంటే నీళ్ళు తుప్పురంగులో కారాయి, చూడలేక బయటికి వెళ్ళి నిలబడింది. ఆ బిళ్ళను గాజుపలక మీద అంటించి, వెలుతురు దూరేంత సన్నగా అరగదీయించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. రంగులు. నీలం, నారింజ, లేతాకుపచ్చ, చర్చి అద్దాల్లో రంగుల్లాగా. మధ్యమధ్య సజ్జగింజల్లాంటి గుండ్రటి గింజలు, భూమి అనేది ఒకటి తయారు కాకముందు శూన్యంలో కరిగి చల్లారిన బొట్లు. అంచులు చెదిరి చుట్టూ ఉన్న దాంట్లో కలిసిపోతున్నాయి, అంటే ఇది పుట్టిన పెద్దరాయి లోపల చాలాకాలం వేడిలో మగ్గింది. అక్కడక్కడా ఇనుము రవ్వలు, సగం తుప్పు పట్టి. ఇన్నాళ్ళూ ఫోటోలో తెల్లమచ్చలనుకున్నవి ఎడారి సున్నం, పగుళ్ళలో పేరుకున్నది. హైదరాబాదు పంపితే అక్కడ ఖనిజాల్లో ఇనుము పాలు కొలిచి చెప్పారు. ఎల్ తరగతి, ఐదో రకం. సాధారణ కాండ్రైట్. పుస్తకాల్లో ఉన్న పేరే అది, సాధారణ. భూమ్మీద పడే వాటిలో ఎక్కువ భాగం ఈ సాధారణ కుటుంబానివే. దీనికి ఉల్కల పట్టికలో ఒక పేరు కూడా రాదు. దొరికిన చోటు పేరే ఉల్కకు పెడతారు, ఆ దేశపు అనుమతి లేకుండా బయటికి వచ్చిన రాయికి పేరు పెట్టరని హైదరాబాదులో స్నేహితుడు చెప్పాడు. చచ్చిపోయినవాడికి దొంగ అనే పేరు తేవడం ఎందుకు, వదిలెయ్ అన్నాడు. వదిలేసింది. ఫలితం వచ్చి క్రిస్మస్ పోయింది, సంక్రాంతి పోయింది, సిద్దిక పక్కింటి పిల్లతో కబురంపినప్పుడల్లా ఇంకా రాలేదమ్మా అని చెప్పింది. అది అబద్ధం. మొదటిది మౌనం, తర్వాతవి అబద్ధాలు.

కళ్ళు మండి నీళ్ళు ధారగా కారుతున్నాయి. దగ్గర్లో కూర్చున్న పెద్దావిడ చూసి, కొత్తలో అంతేనమ్మా, తుడుచుకోబాక, రుద్దితే ఇంకా మండిద్ది అని చెప్పింది. మహిమ తల ఊపింది. ఎవరూ ఏమీ అడగరు ఇక్కడ, అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. కరుణాకర్ మాత్రం అడిగాడు, ఇంట్లో, కూర తరుగుతూ చెయ్యి ఆపేసి నిలబడ్డ రోజు. మొగుడికి అన్నీ చెప్పింది. అతను ఓపిగ్గా విని, నువ్వేమీ చెయ్యలేదు, వెళ్ళింది అతను, పెద్దవాడు, ఆ నేల అతనికి తెలిసినట్టు నీకు తెలియదు కదా అన్నాడు. ప్రతి మాటా నిజమే. కానీ ఆ మాటలతో మనసు ఒక పూట కూడా కుదుటపడలేదు. ఆదివారం ఆరాధనలో పాపపు ఒప్పుకోలు అందరూ నిలబడి ఒకే గొంతుతో చదువుతారు, చిన్నప్పటి నుంచీ చదువుతూనే ఉంది. అంతమంది కలిసి చదువుతుంటే ఎవరిది ఏ పాపమో వినబడదు, పక్కన నిలబడ్డ కరుణాకర్‌కి కూడా వినబడదు. అక్కడ చెప్పడం తేలిక. దేవుడి భార్య తొడిమలు తీయడానికి కోల్డు స్టోరేజీకి పోదు, ఎడమచేత్తో గళ్ళ లుంగీ మూట విప్పదు. అయ్యో, ఏం ఆలోచన ఇది. క్షమించు ప్రభువా. కానీ ఆగలేదు ఆలోచన. ఇప్పుడైనా లేచి, రాయి మేస్త్రీకి ఇచ్చి, సిద్దికకు ఇచ్చెయ్యండి, రిపోర్టు మంచిగా వచ్చిందని చెప్పండి అని వెళ్ళిపోవచ్చు. బస్సులు ఉన్నాయి. కాళ్ళు నేలకు ఆనించి, లేవడానికి సంచి సర్దుకుంది కూడా. అప్పుడే టీ క్యాను తెచ్చి గుమ్మంలో పెట్టారు. వరసలన్నీ ఒక్కసారి లేచాయి.

సిద్దిక గుర్తుపట్టింది. ముక్కు గుడ్డ మెడ కిందికి లాగి, మీరెందుకొచ్చారు మేడం, కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా అంటూ, కుళాయి దగ్గర చేతులు కడిగి, ఘాటు పోయేదాకా మళ్ళీ మళ్ళీ కొంగుకు తుడిచి, మహిమను షెడ్డు వెనక రేకుల నీడలోకి తీసుకెళ్ళింది. రెండు గ్లాసుల టీ తెచ్చింది. మహిమ తువ్వాలు విప్పి రాయి ఇచ్చింది. సిద్దిక కోసిన వైపు బొటనవేలితో తడిమి చూసింది. నున్నగా ఉంది, అందులో ఇనుము రవ్వలు సన్నగా మెరుస్తున్నాయి.

"పైనుంచి పడిందేనా?"

"పైనుంచే. భూమి పుట్టకముందు నాటిది."

"అయితే అబద్ధం చెప్పలా." రాయిని తిప్పి చూసి, "మంచి రకమా?" అంది.

చాలా అరుదైనది అనే మాట నాలుక మీదికి వచ్చింది. ఒక్క మాటతో ఆ మనిషి చావుకి కాస్త విలువ పెట్టొచ్చు. ఎవరు తెలుసుకోగలరు? "కాదమ్మా," అంది మహిమ. "ఎక్కువగా దొరికే రకమే. మామూలుది."

సిద్దిక తలూపింది. ఇక టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళడమే మిగిలింది. మహిమ గ్లాసు కింద పెట్టింది. చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో అని ఇంతసేపు వెతుక్కున్న మాటలేవీ రాలేదు, వచ్చినవి వచ్చినట్టు వచ్చాయి. ఆయన ఆ రాయి ఫోటోలు పంపింది నాకేననీ, ఇంకా ముక్కలుంటాయి, ఎంత దూరమైనా ఓపికుంటే వెతకండి అని చెప్పింది నేనేననీ, మర్నాడే ఆయన వెళ్ళాడనీ, మీరు కాలేజీకి వచ్చి మూట విప్పిన క్షణమే నాకు తెలిసిందనీ, అయినా చెప్పలేదనీ, ఫలితం ఎప్పుడో వస్తే రాలేదన్నాననీ. అయస్కాంతం సంగతి కూడా చెప్పింది. అది ఎవరూ అడిగి ఉండేవాళ్ళు కాదు.

సిద్దిక రాయిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మీరు చెప్పకపోతే వెళ్ళేవాడు కాదు," అంది.

"వెళ్ళేవారు కాదు," అంది మహిమ. కరుణాకర్ చెప్పిన మాటలు ఒక్కటీ నోటికి రానివ్వలేదు.

"ఏ రోజు మాట్లాడాడు మీతో?"

"గురువారం. సాయంత్రం."

సిద్దిక గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఈసారి ఆమె చెప్పడం మొదలుపెట్టింది, రాయి వంక చూస్తూ, మహిమకు కాదన్నట్టు. బుధవారం ఫోనులో పోట్లాడిందట. పని మానుకుని రాళ్ళేరుకుంటున్నావా, పిచ్చి పట్టిందా అని అరిచిందట. గురువారం సాయంత్రం అతను చేస్తే ఫోను ఒళ్ళో పెట్టుకుని మోగుతుంటే చూస్తూ కూర్చుందట, తగిన శాస్తి కావాలని. మళ్ళీ చేశాడట, మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత ఆ నంబరు నుంచి ఫోను రాలేదు. తను ఎత్తలేదని మనసు విరిగి, ఎటు పోతున్నాడో చూసుకోకుండా ఆ ఇసుకలోకి పోయాడని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది. అతని తల్లితో కలిసి ఒకే ఇంట్లో ఉంటోంది, ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"ఎట్టా ఉన్నాడు?" అంది. "గొంతు ఎట్టా ఉంది మేడం ఆ సాయంత్రం?"

ఇన్ని నెలలుగా ఆ ఫోనును మహిమ ఎన్నివేలసార్లు విన్నదో, ప్రతిసారీ తన వాక్యం దాకా విని ఆగిపోయింది. దాని తర్వాత అవతలి మనిషి ఒకడు ఏదో అన్నాడన్నది ఆమెకు పట్టనే లేదు. ఇప్పుడు పట్టి పట్టి వింది. ఓపికుంటే వెతకండి. గాలి హోరు. ఎవరో పిలిస్తే వస్తున్నా అని అటు తిరిగి కేకేశాడు. ఆ తర్వాత నవ్వాడు.

"నవ్వారు," అంది మహిమ. "ఓపికకేం మేడం, ఓపిక ఉండబట్టే మా ఆవిడతో వేగుతున్నా అన్నారు. ఇందాకే చేశా, ఎత్తలా, అలిగింది అన్నారు. రేపు ఇంకో ముక్క దొరికితే ముందు దానికే చూపిస్తా, అప్పుడు చూడాలి దాని మొహం అని నవ్వారు. చాలాసేపు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది."

"కోపంగా లేడా?"

"లేరమ్మా. మీ మాట చెప్పుకునే నవ్వారు."

సిద్దిక రాయిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని ముందుకు వంగింది. ఏడ్చిందో లేదో కనబడలేదు, వీపు మాత్రం కదిలింది. మహిమ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, ఆ చేతిని తన ఒళ్ళోనే పెట్టుకుంది. షెడ్డులోంచి మేస్త్రీ అందరినీ లోపలికి రమ్మని కేకేస్తున్నాడు. ఆడవాళ్ళు గ్లాసులు కడుగుతున్నారు. ఎవరో సిద్దికను పేరు పెట్టి పిలిచారు. తలెత్తినప్పుడు ముఖం గట్టిగా ఉంది.

"రాయి పెట్టుకున్నారంటే సరే, పరీక్షలన్నారు," అంది. "ఈ మాట ఎట్టా పెట్టుకున్నారు మేడం ఇన్ని నెలలు?"

మహిమ తన తప్పు బయటపడుతుందని ఆ ఫోను మొత్తాన్ని దాచింది, దాంతోపాటు ఇదీ దాగిపోయింది. ఇలాంటిదొకటి అందులో ఉందనీ, అది ఈ మనిషిదనీ, రోజూ తిండి తిన్నట్టు ఈమెకు కావలసిందనీ తెలియనే లేదు. తెలియకపోవడం కూడా తనదే. క్షమించమని అడగడానికి వచ్చానని అనుకుంది బస్సులో. ఆ మాట ఇప్పుడు అడిగితే, ఇంకా ఏదో తీసుకుపోవడానికి వచ్చినట్టు ఉంటుందని అనిపించి ఊరుకుంది.

సిద్దిక లేచి నిలబడింది. రాయిని కొంగులో వేసి బొడ్డులో దోపుకుంది. జాకెట్టులోంచి చిన్న ఫోను తీసి, నంబరు నొక్కి, అవతల ఎత్తేదాకా ఎండలోకి చూస్తూ నిలబడింది. మేస్త్రీ మూల మలుపు తిరిగి వచ్చి ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి వెనక్కి తగ్గాడు.

"అత్తమ్మా," అంది ఫోనులో. "అన్నం తిన్నావా? సరే, ఇట్టా విను. ఆయనతో ఆఖరున మాట్లాడిన మేడం ఉంది ఇక్కడ. చెబుద్ది, విను."

ఫోను మహిమ చేతిలో పెట్టింది. చెయ్యి తీసేయలేదు, ఫోనును, మహిమ వేళ్ళను కలిపి పట్టుకునే ఉంది. ఆ వేళ్ళు మండుతున్నంత వేడిగా ఉన్నాయి.

"ఆయన నవ్వింది చెప్పండి," అంది. "మీరు వెళ్ళమందీ చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచొద్దు. తర్వాత నేను చెప్పాల్సింది నేను చెబుతా."

అవతల ముసలావిడ ఎవరమ్మా, ఎవరమ్మా అని అడుగుతోంది. గొంతులో కొడుకు యాస అచ్చంగా ఉంది. మహిమ ఫోను చెవికి ఆనించుకుంది.

"నా పేరు మహిమండి," అంది. "గుంటూరు కాలేజీలో పాఠాలు చెబుతాను."